ఆ లింకు ఎవరు పెట్టిన్రు

గోదావరిఖనిల నేను పనిచేసిన కోచింగ్ సెంటర్ సారుకు ఎవరి మీదా నమ్మకం లేకుండె. బొగ్గు గనిల అండర్ మేనేజర్‌గ చేసి రిటైరైన మనిషి. తాళంచెవులు మొలతాడుకు కట్టుకొని తిరిగేటోడు. జిరాక్స్ మిషన్ల ఖరాబైన కాగితాలను గూడ ఎవరి చేతికీ ఇయ్యకుండ తనే ముక్కలు ముక్కలు చింపేటోడు. ఆయన క్లాసు చెప్తుంటె మాత్రం హాల్ల సూది పడ్డా వినవడేది. గనిల పనోళ్ల మీద పెద్దలుగ ఉండే సర్దారు, ఓవర్‌మెన్ పరీక్షలు రాసెటోళ్లంత ఆయన దగ్గరికే వచ్చేది. ఫస్ట్ షిఫ్టు దిగి తానం చేసి, తల ఇంక తడి ఆరకముందే వచ్చి బెంచీల మీద కూసునేటోళ్లు. అందరు పెండ్లయి పిల్లలున్నోళ్లే.

నేను డిగ్రీల కంప్యూటర్స్ చదివిన. మా నాయన గూడ గనిల్నే. ఇంట్ల ఖాళీగ కూసునుడు ఎందుకని సెంటర్ల చేరిన. రెండువేల ఏడో, ఎనిమిదో, సరిగ యాదికి లేదు. నా పని ప్రశ్నపత్రాలు టైపు చేసుడు, కంప్యూటర్ రూము చూసుకునుడు. గోడల పొంటి కొన్ని కంప్యూటర్లు, మూలకు ఒక సర్వర్. నాకంటె ముందు చేసినాయన వైరస్ గొడవ ఉండదని దాంట్ల విండోస్ బదులు లినక్స్ ఎక్కిచ్చి, జ్యోతినగర్‌ల ఏదో కాంట్రాక్టు పని దొరికితె పోయిండు. ఆయన పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషల రాసిన స్క్రిప్టు మీదనే అంత నడిచేది. చదువుకునేటోళ్లు ఏ కంప్యూటర్ ముందల కూసున్నా ఒక పేజీ తెరుసుకునేది. దాంట్ల నోట్సు, గని బొమ్మలు, పాత పేపర్లు. ఏది నొక్కితె అది కనవడేది. సారు సొంత కాగితాలు ఉండే ఫోల్డరు వేరే. దాని పాస్‌వర్డ్ సారుకు, నాకు తప్ప ఎవరికీ తెల్వదు.

చదువుకునేటోళ్లల్ల ఒకన్న నస్పూర్ నుంచి బస్సుల వచ్చేటోడు. అంతకుముందు మా నాయన గనిల్నే పనిచేసిండు, మా చర్చికే వచ్చేటోడు. తర్వాత బదిలీ అయి గోదావరి అవతలికి పోయిండు. పదో తరగతి మీద చదువు ఆగిపోయిన మనిషి. నన్ను 'చెల్లె' అని పిలిచేటోడు. మొదటి నెలల్ల పరీక్ష పెడితె అడుగునుంచి చూసుకుంటె ఆయన పేరే ముందుండేది. అయినా నాగా పెట్టకపొయ్యేది.

పరీక్షలు ఆదివారం పెట్టేటోళ్లు, గనులకు ప్లేడే, అంటె వారం సెలవు గనుక. మేం చర్చి నుంచి వచ్చినంక మధ్యాహ్నం. ఒక ఆదివారం ఆ అన్నకు మంచి మార్కులు వచ్చినయి. అందరం సంబరపడ్డం. మల్ల ఆదివారం ఇంక మంచిగ వచ్చినయి. ఆ పైవారం సారు నన్ను తన రూముకు పిలిచి తలుపు దగ్గరికేసిండు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉన్నయి. ఒకటి ఆ అన్న రాసిన జవాబు. ఇంకోటి నేను టైపు చేసిన జవాబుల కీ.

"ఇది చూడు," అన్నడు.

ప్రశ్న అందరికీ తెలిసిందే. గాలిల మండే గ్యాసు ఎంత శాతం ఉంటె కరెంటు బందు వెట్టి మనుషులను బయటికి తియ్యాలె? ఒకటి పాయింట్ రెండు అయిదు. నేను కీ టైపు చేసేటప్పుడు వేలు తారుమారై ఒకటి పాయింట్ అయిదు రెండు అని పడ్డది. ఆ అన్న కాగితం మీద గూడ నీలి పెన్నుతోని అదే అంకె, ఒకటి పాయింట్ అయిదు రెండు.

"తప్పు రాసినోళ్లు ఇంక గూడ ఉన్నరు," అన్నడు సారు. "ఎవని తప్పు వానిది. గీ తప్పు మాత్రం ఈ లోకంల రెండు చోట్లనే ఉన్నది. నీ కీల, ఆయన కాగితంల."

నేను రెండు కాగితాలు మల్ల చూసిన.

"మీది, ఆయనది ఒకే చర్చి గద?" అన్నడు మెల్లగ.

ఆ మాట అడిగిన తీరు నాకు ఇప్పటికీ చెవుల ఉన్నది. తిట్టినట్టు గాదు. ఏదో ఊరి పేరు అడిగినట్టు అడిగిండు. "ఒకప్పుడు సార్," అన్న. ఇంక చెప్పబోతె చెయ్యి అడ్డం పెట్టిండు.

మరునాడు హాల్ల అందరి ముందట ఆ అన్నను నిలవెట్టిండు. "పేపర్ ఎవరిచ్చిన్రు?"

ఆ అన్న ముందుగాల నా దిక్కు చూసిండు. ఎందుకు చూసిండో ఏమో, మనిషి బెదిరితె తెలిసిన మొకం దిక్కే చూస్తడు గద. కని ఆ చూపు హాలంత చూసింది.

"ఎవరియ్యలే సార్. కంప్యూటర్ల ఉన్నది. నేను సదివిన."

వెనుక బెంచీల మీద నవ్విన్రు. సారు నవ్వలె. "కంప్యూటర్ల ఉంటె అందరికి కనవడాలె గద? ఎవరికన్న కనవడ్డదా?"

ఎవరూ చెయ్యి లేపలె. కిటికీ దిక్కు కూసున్న ఇద్దరు తలకాయ దించుకొని బుక్కుల పేజీలు తిప్పుతున్నరు. నేను చూసిన. అప్పుడు దాన్ని ఎట్ల అర్థం చేసుకోవాల్నో తెల్వలె. ఆ అన్న టిఫిన్ డబ్బా సంచిల వేసుకొని, ఎవరికీ చెప్పకుండ మెట్లు దిగి పోయిండు.

సారు నన్ను పనిల నుంచి తియ్యలె. తీస్తె పేపర్ టైపు చేసెటోళ్లు లేరు. కని ఆ దినం నుంచి నేను టైపు చేస్తుంటె వెనుక కుర్చీ వేసుకొని కూసునేటోడు. పోతప్పుడు ఏ కాగితం బయటికి పోకుండ నా సంచి బల్ల మీద పెట్టి పొమ్మని, పొద్దున వచ్చి తీసుకొమ్మనేటోడు. నేను ఎవరితోని మాట్లాడినా ఆయన చేతిల న్యూస్ పేపర్ పేజీ తిరగకుండ ఆగేది.

ఆ దినం ఇంటికి పోతె మా నాయనకు ముందే తెలిసింది. గని కాడ ఎవరో చెప్పిన్రు. అన్నం తింటుండె. చెయ్యి కంచంలనే ఉంచి, "ఇచ్చినవా బిడ్డా?" అన్నడు.

"ఇయ్యలె."

"సరే," అని మల్ల తినవట్టిండు. ఆ 'సరే'ల ఏమున్నదో నాకు సమజ్ గాలె. సారు అడిగినదాని కంటె అది ఎక్కువ నొచ్చింది.

ఇగ నాకు గూడ అనుమానం పట్టుకున్నది. ఆ అన్న నేను టైపు చేసేటప్పుడు ఎప్పుడన్న నా వెనుక నిలవడ్డడా? జ్యోతినగర్ పోయినాయనకు పాత పాస్‌వర్డ్ యాదికి ఉన్నదా? ఆయనే సర్వర్‌ల జొర్రి అమ్ముకుంటున్నడా? ఒకసారి సారు మీద గూడ అనుమానం వచ్చింది, నన్ను పంపెయ్యాలని తనే గిట్ల చేస్తున్నడేమో అని. పక్క రూముల చెప్పుల చప్పుడైనా ఉలికిపడేదాన్ని.

కని 'కంప్యూటర్ల ఉన్నది' అన్న మాట నన్ను ఇడువలె. అబద్ధం చెప్పాలనుకున్నోడు అంతకంటె మంచి అబద్ధం చెప్తడు గద అనిపించింది.

ఒకనాడు మధ్యాహ్నం, రెండు బ్యాచుల నడుమ రూము ఖాళీగున్నప్పుడు, ఆ అన్న రోజూ కూసునే కంప్యూటర్ ముందల కూసున్న. నా పాస్‌వర్డ్ ఏదీ కొట్టలె. అందరు తెరిచేటట్టే పేజీ తెరిచి 'పాత పేపర్లు' నొక్కిన. పాత పేపర్లు సంవత్సరాల వారీగ వచ్చినయి. కిందికి జరుపుకుంట పోయిన. అడుగున, వచ్చే ఆదివారం పేపర్ ఉన్నది. పొద్దున్నే సారు నా వెనుక కూసోని టైపు చేయించిన పేపర్. దాని కింద కీ.

వెనక్కి తిరిగి చూసిన, ఎవరన్న చూస్తున్నరేమో అని. జల్ది మూసేసిన.

సర్వర్ కాడికి పోయి, చదువుకునేటోళ్లకు కనవడే 'నోట్స్' అనే ఫోల్డరు తెరిచిన. దాంట్ల 'పాత పేపర్లు' మిగిలిన ఫోల్డర్ల లెక్కనే కనవడుతున్నది. సారు ఫోల్డరు వేరే జాగల, 'నోట్స్-సార్' అనే పేరు మీద ఉన్నది. నేను పేపర్లు దాచింది దాంట్లనే. దాంట్ల పెట్టింది దీంట్ల ఎట్ల కనవడుతున్నది? కాపీ అయితె నేను చెయ్యలె.

అప్పుడు పీహెచ్‌పీల నాలుగు లైన్లు రాసిన. 'నోట్స్' ఫోల్డర్ల ఉన్న ఒక్కొక్కదాని పేరు, దాని పక్కన అది నిజంగ ఎక్కడున్నదో ఆ అడ్రసు చెప్పుమని. దానికి 'రియల్‌పాత్' అని ఒక ఫంక్షన్ ఉంటది. మనం చెప్పిన తొవ్వ ఎన్ని తిరుగుళ్లు తిరిగినా, చివరికి ఫైలు ఎక్కడ ఉన్నదో అసలు అడ్రసు తెచ్చి చేతుల పెడుతది. డిగ్రీల దాని పేరు గూడ వినలె, మాన్యువల్ల వెతికి పట్టుకున్న.

ఒక్కొక్క లైను వచ్చింది. నోట్సు నోట్సులనే ఉన్నయి. బొమ్మలు అక్కడ్నే ఉన్నయి. 'పాత పేపర్లు' పక్కన మాత్రం సారు ఫోల్డర్ అడ్రసు వచ్చింది.

అది ఫోల్డరే గాదు. సింబాలిక్ లింకు. లినక్స్‌ల ఒక జాగల పేరు మాత్రం పెట్టి, దాన్ని నొక్కితె ఇంకో జాగకు పొయ్యేటట్టు చెయ్యొచ్చు. నొక్కినోనికి తేడా తెల్వదు. స్క్రిప్టు గూడ మోసపోయింది. అడిగిన ఫైలు అడ్రసు 'నోట్స్'తోని మొదలైతె చూపెట్టు, లేకుంటె వద్దను అని దాంట్ల రాసి ఉన్నది. అడ్రసు 'నోట్స్' లోపటి పాత పేపర్లు అనే ఉన్నది గద, పైకి. అందుకని ఎవరడిగినా సారు ఫోల్డరంత ఇప్పి చూపెట్టింది.

సారును పిలిచిన. అద్దాలు పెట్టుకొని వంగి చూసిండు. నేను చెప్పిందంత విని, "ఇది ఎప్పుడు పెట్టింది?" అన్నడు.

తారీఖు చూస్తె తెలుస్తది సార్ అని, ఎంటనే ఒక లైను రాసి నడిపిన. ఆ దినం తారీఖే వచ్చింది. పొద్దటి టైము.

సారు నా మొకం దిక్కు చూసిండు. "ఇయ్యాల్నే పెట్టినవన్నట్టు."

అట్ల ఎట్ల వచ్చిందో సమజ్ గాలె. మల్ల మాన్యువల్ తీసి, ఆయన నిలవడే ఉండంగ చదివిన. నేను అడిగిన తీరుల అడిగితె అది లింకు తారీఖు చెప్పదు, లింకు పోయి చేరే ఫోల్డర్ తారీఖు చెప్తది. ఆ ఫోల్డర్ల పొద్దున్నే పేపర్ దాచినం గనుక ఆ దినం తారీఖు వచ్చింది. లింకు సొంత తారీఖు కావాల్నంటె వేరే ఫంక్షన్ అడగాలె. అడిగిన. నేను సెంటర్ల చేరకముందటి తారీఖు వచ్చింది, చానా ముందటిది.

"చూడున్రి సార్," అన్న.

సారు అద్దాలు తీసి చేతిల పట్టుకున్నడు. "ఈ తారీఖులు మార్చొచ్చునా?"

"మార్చొచ్చు సార్."

"నువ్వు మార్చగలుగుతవా?"

లేదు అంటె అయిపొయ్యేది. కని అది అబద్ధం. "నేర్చుకుంటె మార్చగలుగుత సార్," అన్న.

ఆయన తల ఊపి, "ఆ లింకు ముట్టకు. అట్లనే ఉండని. వేరే తీరుగ బందువెట్టు," అని పోయిండు. సాక్ష్యం లెక్క ఉంచుకున్నడు దాన్ని.

లింకు తియ్యొద్దంటె స్క్రిప్టునే మార్చాలె. అడిగిన అడ్రసును చూసుడు గాదు, ముందుగాల దాని అసలు అడ్రసు తీసి, అది 'నోట్స్'తోని మొదలైతెనే చూపెట్టాలె అని రాసిన. పేపర్ ఇంక కనవడుతనే ఉన్నది. మల్ల రాసిన. కనవడుతనే ఉన్నది. ఎవరో నేను మార్చిందాన్ని వెనుక నుంచి మల్ల మారుస్తున్నరు అనుకున్న. పాస్‌వర్డ్ మార్చిన. సర్వర్ నెట్‌వర్క్ వైరు పీకి, ఆ ఒక్క మిషన్ మీదనే చూసిన. అయినా కనవడ్డది. అప్పుడు కాగితం మీద రెండు అడ్రసులు కిందమీద రాసుకున్న. 'నోట్స్', 'నోట్స్-సార్'. రెండూ ఒకే అక్షరాలతోని మొదలైతున్నయి. స్క్రిప్టు మొదటి అక్షరాలు చూసి, ఆహా ఇది మనదే అని పంపిస్తున్నది. పేరు చివర స్లాష్ గీత పెట్టి, ఆ గీతదాక సరిపోతెనే పంపు అన్న. పేజీల 'అనుమతి లేదు' అని వచ్చింది. ఎవరూ మార్చలె. ఎవరూ లేరు అక్కడ, నేను తప్ప.

తెల్లారి సారు జ్యోతినగర్ ఆయనకు ఫోన్ చేసిండు, స్పీకర్ పెట్టి, నన్ను పక్కన కూసోవెట్టుకొని.

"అవును సార్, నేనే పెట్టిన," అన్నడు ఆయన ఏ బెరుకు లేకుండ. "మీరే గద అన్నరు, పాత పేపర్లు అందరికి చూపెట్టాలె, ఊకె కాపీ చేసుకుంట కూసోవద్దు అని. అందుకని మీ ఫోల్డర్‌కే లింకు ఇచ్చిన."

"నేను పాతయి చూపెట్టుమన్న. కొత్తయి గాదు."

"అప్పుడు దాంట్ల కొత్తయి లేకుండె సార్. తర్వాత మీరు ఏమేం పెట్టుకున్నరో నాకేం ఎరుక?"

అది నిజమే. కొత్త పేపర్లు గూడ తన ఫోల్డర్ల్నే దాచుమని నాకు చెప్పింది సారే, ఎవరికి కనవడొద్దని. సారు ఫోన్ పెట్టేసి నన్నడిగిండు: "మీరిద్దరు ముందే మాట్లాడుకున్నరా?"

"ఆయనను నేను ఇంతవరకు చూడనే లేదు సార్."

"సరే. ఆయనను రమ్మను. నస్పూర్ ఆయనను."

నేను, మా నాయన కలిసి పోయినం. క్వార్టర్ ముందట ఆ అన్న భార్య బట్టలు ఆరేస్తున్నది. నన్ను గుర్తువట్టి చేతిల బట్ట అట్లనే పట్టుకున్నది. లోపటికి రమ్మనలె. "ఇజ్జత్ తీసింది సాలలేదా? మల్ల ఎందుకొచ్చిన్రు?" అన్నది. మా నాయన చెప్పులు ఇడిచి, "బిడ్డా, మాట చెప్పి పోతం," అని గడప కాడ్నే నిలవడ్డడు. మాటలు విని ఆ అన్న లోపటినుంచి వచ్చిండు.

లింకు సంగతంత చెప్పిన. ఆయనకు ఎంత అర్థమైందో తెల్వదు. కని 'కంప్యూటర్ల ఉన్నది అన్న మాట నిజమే అని తేలింది' అన్నకాడ ఆయన తన భార్య మొకం దిక్కు చూసిండు.

"ఒకటి అడుగుత అన్నా," అన్న. "గ్యాసు సంగతి. గనిల రోజూ ఒకటి పాయింట్ రెండు అయిదు అనే వింటవు గద. అది ఎట్ల రాసినవు?"

"సారు రాసిండు గద చెల్లె. నేను విన్నదే తప్పేమో అనుకున్న."

"అది సారు తప్పు గాదు. టైపుల నాది."

తల ఊపిండు. తర్వాత, మేం అడగకుండనే, గొంతు తగ్గించి చెప్పిండు. "మొదటిసారి నాకు తెల్వది. పాత పేపర్ అనుకోనే సదివిన. ఆదివారం అవే ప్రశ్నలు వచ్చినయి. రెండోసారి తెలిసింది, చెల్లె. తెలిసే సదివిన. కిటికీ కాడ కూసునేటోళ్లు ఇద్దరు గూడ సదివిన్రు. వాళ్లు కొన్ని కావాల్నని తప్పు రాసేటోళ్లు."

ఆయన భార్య గది లోపటికి పోయి మూడు గ్లాసులల్ల చాయ తెచ్చింది.

వచ్చేటప్పుడు బస్సుల మా నాయన చానాసేపు కిటికీల నుంచి బయటికి చూసిండు. బ్రిడ్జి దాటినంక, "సారుకు చెప్తవా, ఆ రెండోసారి ముచ్చట?" అన్నడు.

"చెప్ప."

ఈసారి సరే అనలె. నా మోకాలు మీద చెయ్యి వేసి, మల్ల బయటికి చూసిండు.

ఆ అన్న మల్ల వచ్చిండు. ఆ ఆదివారం సారు పేపర్ చేత్తోనే రాసి, తనే జిరాక్స్ తీసి, పరీక్ష అయ్యేదాక ఆ అన్న బెంచీ పక్కన నిలవడ్డడు. మార్కులు తగ్గినయి, కని ముందటి లెక్క అడుగుకు పోలె. ఎంత దొంగచాటుగ చదివినా, చదివిందైతె తలకాయల ఉన్నది. కిటికీ కాడి ఇద్దరికి మాత్రం బాగ తగ్గినయి. సారు వాళ్ల కాగితాలు పక్కన పెట్టుకొని చానాసేపు చూసిండు. ఏం అనలె. నాకు గూడ ఏం చెప్పలె, తప్పయిందని గాని, నమ్మిన అని గాని. తర్వాత నుంచి కొత్త పేపర్లు తనే టైపు చెయ్యవట్టిండు, ఒక వేలుతోని, అక్షరం అక్షరం వెతుక్కుంట. ఆ పేపర్లల్ల తప్పులు చదువుకునేటోళ్లకు కొత్త పరీక్షయినయి.

ఇంకో యేడాదికి నేను సెంటర్ ఇడిచిపెట్టి, జ్యోతినగర్‌ల ఒక బడిల కంప్యూటర్ టీచర్‌గ చేరిన. ఆ అన్న అసలు సర్దారు పరీక్షల మొదటిసారి ఫెయిలయి, రెండోసారి పాసయిండని చర్చిల విన్న.

తెలంగాణ వచ్చిన యేడు, మంచిర్యాల బస్టాండ్ల కనవడ్డడు. చెవుల కాడ వెంట్రుకలు తెల్లవడ్డయి. సర్దారుగ చేస్తున్న అన్నడు. పిల్లల ముచ్చట, మా నాయన మోకాళ్ల నొప్పుల ముచ్చట అయినంక నవ్వుకుంట చెప్పిండు.

"సారు మొన్న ఒక పెండ్లిల కలిసిండు చెల్లె. పక్కకు పిలిచి, 'ఇప్పుడైతె నాకు సెంటర్ లేదు, ఏం లేదు. నిజం చెప్పు, ఆ పిల్లనే ఇచ్చింది గద?' అని అడిగిండు."

"నువ్వేమన్నవు?"

"ఇయ్యలేదు సార్, ఆ పిల్ల ఏం ఇయ్యలేదు అన్న."

"నమ్మిండా?"

"ఏమో మరి. అప్పటిసంది అదే మాట అడుగుకుంట రెండుసార్లు ఫోన్ చేసిండు," అన్నడు. ఇద్దరం నవ్వినం. నస్పూర్ బస్సు కదులుతుంటె ఉరికి ఎక్కిండు.